పాటిగడ్డ మీద తెగని తగువు

మసీదు మైకు గరగరలాడింది. ఎవరో పోయారని అర్థమైంది, ఎవరో తెలియలేదు. అలవాటుగా ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి, "సార్, పోయిందెవరట?" అని కేకేశాను. పక్కింటి ఉర్దూ సార్ పది రోజులుగా కామారెడ్డి దవాఖానలో ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది. పోయింది ఆయనే.

లింగంపేట దగ్గరి ఈ చిన్న ఊళ్లోనే ఆయన ఉర్దూ, నేను తెలుగు చెప్పి రిటైరయ్యాం. దిద్దడానికి పిల్లలు లేక ఒకరి తప్పులు ఒకరం దిద్దుకోవడం మొదలుపెట్టాం. ఊరి చరిత్ర రాద్దామన్నది ఆయన ఆలోచన. "పోయినోళ్లొచ్చి దిద్దుకోరు టీచరమ్మా, మనమే జాగర్తగ రాయాలె" అనేవారు. షరతు ఒక్కటే: ఇద్దరమూ ఒప్పుకున్న మాటే నోటుబుక్కులోకి ఎక్కాలి. అందుకే ఆరేళ్లలో పదకొండు పేజీలయ్యాయి.

సాయంత్రం అసర్ నమాజు చదివొచ్చి నా అరుగు మీద కూర్చునేవారు. జేబులోని సోంపు ముందు నా చేతిలో పోసి, తర్వాత పోట్లాటకు దిగేవారు. నేను రోజూ దాటే పొలాల పేర్లు సగం ఆయన చెబితేనే తెలిశాయి. ఆయనుండగా ఈ మాట ఒప్పుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద తగువు పాటిగడ్డది. మక్క చేన్ల నడుమ, వెనకటి ఊరున్న దిబ్బ అది. జనం దాన్నెందుకు వదిలేశారు? గత్తర, అంటే కలరా, సోకి అని ఆయన, నీళ్లెండి అని నేను.

"మా దాది చెప్పింది."

"మీ దాది పుట్టకముందు ముచ్చట ఆమెకెట్ల తెల్సు సార్?"

"మీ అవ్వకెట్ల తెల్సో గట్లనే!"

దవాఖానకు చూడబోతే, కళ్లు తెరిచి, "నీళ్లే ఎండినయి టీచరమ్మా. రాసుకోండ్రి" అన్నారు. నాకు భయమేసింది. ఆరేళ్లలో ఆయన ఓడిపోవడం అదే మొదలు.

"గత్తరే సార్. నేనే తప్పు చెప్పిన."

"ఇప్పుడు గూడ నా మాట ఒప్పుకోరు గదా," అని నవ్వారు.

ఇప్పుడు ఏం రాసినా అడ్డు చెప్పేవారు లేరు. ఇంత స్వేచ్ఛను నేనేం చేసుకోను? నీళ్లని రాస్తే జాలితో ఇచ్చిన గెలుపు తీసుకున్నట్టు. గత్తర అని రాస్తే అబద్ధం. పన్నెండో పేజీ ఖాళీగానే ఉంది.

నిన్న పాటిగడ్డ దాకా నడిచాను. కొత్తగా దున్నిన సాళ్లలో కుండపెంకులు తేలి ఉన్నాయి. ఒకదాని అంచున, పచ్చిమట్టి మీద ఎవరో నొక్కిన బొటనవేలి గుర్తు. నా వేలు పెట్టి చూశాను. సరిపోయింది. "లేదు, సరిపోలేదు" అనడానికి పక్కన ఎవరూ లేరు.