కిరాయి ఇంటి సామాను

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడెవడో గానీ, వాడికి కిరాయి ఇల్లు వెతికే పని పడి ఉండదు. మా నాన్న బొగ్గు బాయిలో రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయక తప్పలేదు. నాకేమో ఇల్లందు దాటి అడవి లోపలి ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం. అక్కడే ఉందామంటే వానాకాలం వాగు దాటనివ్వదు, నాన్నకు దవాఖానా దగ్గరుండాలి. ఆయన ఊపిరితిత్తులను బాయి ఎప్పుడో తినేసింది. నాలుగు మాటలు మాట్లాడితే చాలు, తెరలు తెరలుగా దగ్గు వస్తుంది. అందుకే ఇల్లందులోనే ఇల్లు చూస్తున్నాం.

అందరూ నవ్వుతూనే ఇల్లు చూపించేవాళ్లు. నాన్న దగ్గగానే, "అయ్యో, మా తమ్ముడు ఈ ఇంట్ల దిగుతనన్నడమ్మా, మర్చేపోయిన" అనేవాళ్లు. ఊరంతా తమ్ముళ్లే! అసలు సంగతి మాకూ తెలుసు. కిరాయి ఇంట్లో మనిషి పోతే ఆ కీడు ఇంటివాళ్లకు చుట్టుకుంటుందని మా దగ్గర భయం. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే నెలల తరబడి ఇంటికి తాళం వేయాలి. తాళం తీశాక కూడా ఆ ఇంట్లో దిగడానికి జనం వెనకాడతారు.

చివరికి ఒకాయన ఇస్తానన్నాడు. ఆయన కూడా బాయి మీదివాడే, స్టోర్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన స్టోర్‌ను వదిలినా స్టోర్ ఆయనను వదల్లేదు. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ ఎలా ఉందో రాయించి, సంతకం పెట్టించుకున్నాకే తాళంచెవి ఇస్తానన్నాడు. మేం క్వార్టర్ అప్పజెప్పాల్సిన గడువు ఆ మర్నాడే. మా సామాను అప్పటికే ట్రాలీ ఆటో ఎక్కి ఆయన గేటు ముందు నిలబడి ఉంది.

ఆయన చెబుతుంటే నేనే రాశాను. ఇంటిపన్ను కోసం ఊళ్లో వాళ్ల ఇళ్లన్నీ రాసేదాన్ని, రాత నాకు కొత్త కాదు.

"ఫ్యాను రెక్క వంగింది, రాయి బిడ్డా. రేపు నువ్వే వంచినవని నేను అనొద్దు గదా."

వంటింటి గట్టు రాయి మూల పగిలింది, రాశాను. స్నానాల గది తలుపు కింద నీళ్లకు ఉబ్బింది, రాశాను. నాన్న మా వెనకే నడుస్తూ, దగ్గు వచ్చినప్పుడల్లా కండువా నోట్లో కుక్కుకుంటున్నాడు. మెడ నరాలు ఉబ్బి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన దగ్గనట్టు, నేను చూడనట్టు, ఇంటాయన విననట్టు, ముగ్గురం నటిస్తూ ఇల్లంతా తిరిగాం. దగ్గు ఆయనదే గానీ, ఊపిరాడనిది నాకు.

పెరట్లో రేకుల షెడ్డు దగ్గర ఇంటాయన ఆగాడు.

"ఇది గూడ రాయి. రేకుల షెడ్డు. అండ్ల నులక మంచం. దీనికి కిరాయి లేదు."

"మాకు షెడ్డెందుకు సారూ? బండి వాకిట్లనే పెట్టుకుంట."

ఆయన నా ముఖం చూడలేదు. "మీ నాయినకు బాగలేదని ఎరికే బిడ్డా. నేను గూడ బాయి మీదోన్నే, ఆ దగ్గేందో నాకు తెల్వదా? మీకంటే ముందున్నోళ్ల ముసలామె నడింట్లనే పానం ఇడిసింది. నక్షత్రం మంచిది గాదని ఆరు నెలలు ఇల్లు మూసినం. మా ఇంటామె అప్పటిసంది ఈ గడప తొక్కలే. గట్లాంటి టైమొస్తే మీ నాయినను జల్దీ ఈడికి తెచ్చుకోవాలె. గంతే. ఇంట్ల మాత్రం వద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం చించి ఆయన మొహాన కొట్టాలనిపించింది. గేటు వైపు చూస్తే మా బీరువా, గ్యాస్ బండ, తాళ్లతో కట్టిన పరుపులు. ఆటో అతను "జల్దీ కానియ్యక్కా" అని అరుస్తున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. పోనీ నోరారా తిడదామంటే ఈయన చెడ్డవాడూ కాడు. మిగతావాళ్లు తమ్ముళ్లను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. ఈయన ఉన్న మాట చెప్పి చోటిచ్చాడు. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక సంతకం పెట్టాను.

ఈలోగా నాన్న షెడ్డులోకి వెళ్లాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి చూసుకున్నాడు.

"సరిపోతది" అన్నాడు లేస్తూ. కంపెనీ కొత్త బూట్లు ఇచ్చినప్పుడు కూడా ఇలాగే తొడిగి చూసుకుని అదే మాట అనేవాడు.

ఇంటాయన అటు వెళ్లగానే ఆ మంచాన్ని హాల్లోకి, ఫ్యాను కిందికి ఈడ్చుకొచ్చాను. నాన్న వద్దంటూనే ఉన్నాడు. "నువ్వు ఇంట్లనే పండుకుంటవ్ నాయినా, నేను చెప్తున్న" అని గట్టిగా అరిచాను. ఆయన మంచం మీద కూర్చుని తనివితీరా దగ్గాడు. ఆ పూట మేమే గెలిచామనుకున్నాను.

నెల తిరగ్గానే ఇంటాయన కిరాయి కోసం వచ్చాడు. హాల్లో మంచం చూసి గడప బయటే ఆగిపోయాడు. కోప్పడలేదు.

"ఆ మంచం షెడ్డుల ఉన్నట్టు రాసుకున్నం గదా బిడ్డా" అన్నాడు మెల్లగా.

నేను నోరు తెరిచేలోపే నాన్న లేచి దుప్పటి మడిచాడు. "అవ్, రాసుకున్నం. ఏడి సామాను ఆడ పెట్టాలె" అన్నాడు.

నేనొక్కదాన్నే మోస్తానంటే వినలేదు. తలవైపు నన్ను పట్టుకోమని, కాళ్లవైపు తను ఎత్తాడు. పెరటి గుమ్మం దాటుతుంటే దగ్గు ముంచుకొచ్చింది. మనిషి వణుకుతున్నాడు, మంచం వణుకుతోంది. దించుదామన్నాను.

"నడువు బిడ్డా, ఇంకెంత దూరం" అన్నాడు.