ఎర్ర కుళాయి నీళ్ళు

ఎండాకాలం చివరికొస్తే చలిదేశాలవాళ్ళు తోటపని ముగిస్తారు. ఎడారి ఊరు దోహాలో, ఐన్ ఖాలిద్ పేటలో ఉండే రామకృష్ణారావు అప్పుడే మొదలుపెడతాడు. ఆఫీసు నుంచి రాగానే టై విప్పడం కూడా మరిచి, లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి పరిగెడతాడు. డాబా మీది ట్యాంకు ఎండకు కాగి, మామూలు కుళాయిలో చెయ్యి కాలే నీళ్ళొస్తాయి. అందుకని వేడినీళ్ళ ఎర్ర కుళాయి తిప్పి, ఏప్రిల్‌లో కట్టేసిన గీజరులో నీడపట్టున చల్లారిన నీళ్ళు బకెట్‌లోకి పడతాడు. గోంగూర మొలకల ముందు గొంతుకూర్చుని, చిటికెనవేలు ముంచి చూసుకుని, చెంబుతో పోస్తాడు.

తొంభై ఐదు అక్టోబరు చివర, ఒక శుక్రవారం పొద్దున, వేలు ముంచినవాడల్లా కెవ్వుమని ఎగిరాడు. "వేదా! ఇంకాస్తయితే మొలకలు ఉడికిపోయేవి!"

వంటింటి కిటికీలోంచి భార్య వేదవతి అంది: "గీజరు నేనే వేశానండీ. స్నానానికి మామూలు కుళాయి తిప్పితే వణుకొచ్చింది."

"వణుకా?" రావు కోపం ఎటుపోయిందో! వేలు నోట్లో పెట్టుకుని గోడ దగ్గరికి గెంతాడు. "నిజాముద్దీన్ భాయ్! ఎండాకాలం పోయింది! మా ఇంట్లో గీజరు వేశారు!"

పక్కింటి వరంగల్ నిజాముద్దీన్ నమ్మలేదు. బనీనుతోనే వచ్చి బకెట్‌లో వేలు పెట్టాడు.

"కాలింది సాబ్! నిజంగనే కాలింది! ముబారక్!" అంటూ రావును వాటేసుకున్నాడు.