కోడలి మాత్ర, అత్తగారి అవస్థ

"మాత్ర మింగేది మీ కోడలు. విరేచనాలు మీకెందుకమ్మా?"

క్యాన్సర్ డాక్టరు విసుగెత్తి అడిగిన ప్రశ్న ఇది. మా ఇంటి ఓనరు కొండమ్మ తడుముకోలేదు. "ఒక్కటే ఇల్లు గద సారూ!"

కొండమ్మ జబ్బే అది. కోడలు నిర్మలకు ఏది వచ్చినా, తనకు అంతకంటే ఎక్కువ రావాలి. శంషాబాద్‌లో వాళ్ల పై వాటాలో కిరాయికున్న పాపానికి అంతా నేనే వినాలి. నెత్తి మీద విమానం పోతున్నా ఆమె మూలుగు వినపడుతుంది.

నిర్మల బీడీ పొగ కూడా ఎరగదు. అయినా ఊపిరితిత్తిలో గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే దాన్ని పెంచుతున్న జన్యుమార్పు బయటపడింది. సరిగ్గా దాన్నే అడ్డుకునే మాత్ర రోజుకొకటి రాశారు. గడ్డ తగ్గుముఖం పట్టింది. పొక్కులు, విరేచనాలు, గోళ్ల వాపు రావచ్చని, కొత్తగా దగ్గో ఆయాసమో వస్తే మాత్రం ఆ పూటే రావాలని డాక్టరు చెప్పాడు. చుట్టాలొచ్చి సంకల్పబలం మీద ఉపన్యాసాలిచ్చి, టీ తాగి పోయారు.

కొండమ్మ అదీ చేయలేదు. కోడలి మొహాన పొక్కులు లేస్తే తన మొహానికి గంధం పట్టించి అరుగెక్కింది.

"మొఖమంత మంట, సారూ!"

"ఏమీ కనపడటం లేదే?"

"ఇంక లోపల్నే ఉన్నయి."

నిర్మల ఊరుకుంటుందా? "నీదొక మంటనా అత్తమ్మా? నా వీపు జూడు!"

కోడలి గోరు వాస్తే అత్త కాలివేలికి గుడ్డ చుట్టి కుంటింది. సోమవారం కుడికాలు, మంగళవారం ఎడమకాలు. రోగిష్టి పిల్లతో ఈ పోటీ ఏమిటని నాకు ఒళ్లు మండేది.

ఒక ఉదయం నేను పై మెట్టు మీద నిలబడి పళ్లు తోముకుంటుంటే, కొండమ్మ కింది మెట్టు మీద కూలబడింది.

"దమ్మొస్తుంది సారూ! ఒక్క మెట్టు ఎక్కలేకపోతున్న!"

బట్టలారేస్తున్న నిర్మల నవ్వింది. "గదీ ఒక దమ్మేనా? చీర కట్టుకునేసరికే నాకు ఊపిరాడ్తలేదు, మొన్నటి సంది."

మూలుగు ఠక్కున ఆగింది. కొండమ్మ రెండేసి మెట్లు దాటుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది. "కారు తియ్యి!"

దారిలో నిర్మల గొణిగింది. "చెప్తే మాత్ర బంద్ చేస్తరని..."

"నాకు తెల్వదా?" కొండమ్మ కసిరింది. "సక్కగ అడిగితే మంచిగనే ఉన్నంటవు. నాది ఎక్కువంటేనే నోరు తెరుస్తవు!"

"మరి మీ ఆయాసం?" అన్నాను.

"నాకేం రోగం? గుండు లెక్కున్న. నువ్వు జర ముంగట చూసి నడుపు."

మాత్ర వల్లే ఊపిరితిత్తులు వాచాయని స్కాన్‌లో తేలింది. వెంటనే రాబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు. ఆ మాత్ర ఆపి, వాపు తగ్గే మందిచ్చాడు. నిర్మల కుదుటపడ్డాక గడ్డకు వేరే మందు మొదలుపెట్టి, దీనికి ఒళ్లునొప్పులు రావచ్చన్నాడు. ఆ సాయంత్రమే కొండమ్మకు ఒళ్లునొప్పులు.

స్కాన్‌కు నేను కట్టిన నాలుగు వేలు కిరాయిలో పట్టుకోమంది. కిరాయి మాత్రం పూర్తిగా వసూలు చేసింది. ఆ నాలుగు వేలు నాకింకా రావాలి.