మామయ్య కాలికి తోడొచ్చిన గాలి

నా చిన్నప్పుడు పెట్రోలు దొరకడం గగనం. అందుకే కోదాడ, సూర్యాపేట మధ్య బండి నడిపేవాళ్ళందరిదీ ఒకటే అలవాటు: దిగుడు రాగానే గేరు తీసి, ఇంజన్ ఆపేసి, బండిని దొర్లనిచ్చేవారు. మా మామయ్య మాత్రం గేరు తీసినా ఇంజన్ ఆపేవాడు కాదు. తన చిన్న కారుకు ఏదో పాత లారీ నుంచి తెచ్చిన బ్రేకు డబ్బా బిగించుకున్నాడు. దానివల్ల కాలు ఆనిస్తే చాలు, బ్రేకు పడేది. "పెద్ద నవాబు పుట్టిండు నా ఇంట్ల! దిగుడుల గూడ పెట్రోల్ తాగిస్తడు" అని తాతయ్య ఎత్తిపొడిచేవాడు.

అత్తయ్యకు నొప్పులు మొదలైన రోజు అందరం సూర్యాపేట దవాఖానకు బయలుదేరాం. వెనక సీట్లో అమ్మమ్మ ఒడిలో తల పెట్టుకొని అత్తయ్య, వాళ్ళ కాళ్ళ దగ్గర ముడుచుకొని నేను. వాగు దిగుడులో మామయ్య గేరు తీశాడు. ముందు కూర్చున్న తాతయ్య, "ఇగ ఇంజన్ ఎందుకురా, ఉత్తగ పోతది" అంటూ చెయ్యి చాపి తాళం తిప్పేశాడు.

కింద నుంచి వడ్ల బండ్లు ఎక్కి వస్తున్నాయి. మామయ్య బ్రేకు తొక్కితే మొదటిసారి పడింది. రెండోసారి రాయిలా బిగుసుకుంది. సీటు మీది నుంచి లేచి, రెండు కాళ్ళతో దానిమీద నిలబడ్డట్టు తొక్కి, చేతి బ్రేకు గుంజాడు. ఎద్దు ఊపిరి అద్దానికి తగిలేంత దగ్గర కారు ఆగింది. మామయ్య మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేసి బయలుదేరాడు.

అత్తయ్యను లోపలికి తీసుకెళ్ళాక, దవాఖాన అరుగు మీద మామయ్య నన్ను దగ్గరకు పిలిచి ఇత్తడి గిలాస ఇచ్చాడు. తాతయ్య పక్కనే తలవంచుకొని కూర్చున్నాడు.

"మూతికి పెట్టి గాలి గుంజు బిడ్డా."

గుంజాను. చెయ్యి వదిలినా గిలాస ఊడలేదు.

"సూసినవా? లోపలి గాలి నువ్వు గుంజినవ్, బయటి గాలి దాన్ని నూకి పట్టింది. నా డబ్బాల గూడ గంతే. ఒక దిక్కు గాలిని ఇంజన్ గుంజుతది, ఇంకో దిక్కు నుంచి బయటి గాలి నా కాలుకు తోడు నూకుతది. ఇంజన్ ఆగిందనుకో, డబ్బాల మిగిలింది ఒక్క తొక్కుకే. ఇగ తోడు ఖతం. అంతా కాలే మొయ్యాలె."

చెప్పింది నాకు. విన్నది తాతయ్య. కాసేపటికి ఆయన నా చేతిలోని గిలాస తీసుకొని తన మూతికి పెట్టుకున్నాడు. మీసాలు అడ్డమొచ్చి అతుక్కోలేదు. నేను కిసుక్కున నవ్వాను. అప్పుడే లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు దిగుడు దగ్గర తాతయ్య రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

నలుగురిలో నోరు తెరవలేనిదాన్ని నేను. ఇంట్లో పెద్దవాళ్ళ పొరపాటు కనబడితే ఇప్పటికీ వాళ్ళ వైపు తిరగను. దగ్గర్లో ఆడుకుంటున్న పిల్లలను పిలిచి వాళ్ళకు చెబుతాను, కాస్త గట్టిగా.