మామ్మగారి అయస్కాంతం

అల్లవరం రోడ్డు మీద పాత సామాన్లు కొనే మామ్మగారు ఉండేవారు. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని కొబ్బరితాడుకు కట్టుకుని, వచ్చిన ప్రతి వస్తువుకీ ఆనించేవారు. ఎవరేం చెప్పినా ఆవిడది ఒకటే మాట: "దీన్నడుగుదామండి."

నేనప్పుడు కొత్తగా చేరిన సైన్సు మాస్టారిని. ఇనుము ఉన్న ప్రతిదీ అయస్కాంతానికి అంటుకుంటుందని క్లాసులో చెప్పాను. తన స్టీలు కంచం అంటుకోవడం లేదని ఒక పాప లేచి చెప్పింది. సరిగ్గా పెట్టలేదంటూ కసిరి కూర్చోబెట్టాను.

మనసొప్పక సాయంత్రం ఆ కంచం పాపనడిగి తీసుకెళ్లి మామ్మగారికి చూపించాను. ఆవిడ అయస్కాంతం కూడా జారిపోయింది.

"స్టీలంటే ఇనుమేగా మామ్మగారూ?"

"ఆయ్, ఇనుమేనండి. నికెల్ బాగా కలిపేరండి. ఇక అంటుకోదండి."

పుస్తకం తిరగేశాను. ఇనుములో పరమాణువులు చిట్టి అయస్కాంతాలట. పెద్దది దగ్గరికొస్తే అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. నికెల్ తగినంత కలిస్తే లోపలి అమరిక మారి, ఆ వరస కుదరదు. రాగి, ఇత్తడిలో ఆ వరసే ఉండదు.

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. సంగతి విని మామ్మగారు తన అయస్కాంతం నా చేతిలో పెట్టేరు. "పిల్లల దగ్గరుంచండి మాస్టారండీ."

ఇప్పటికీ నేనేదైనా గట్టిగా చెబితే, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "దీన్నడుగుదామండి" అంటారు. ఎవరినీ మళ్లీ కూర్చోమనలేదు.