అమ్మ రెండోసారి చదివిన ఉత్తరం

ఎవరైనా దెయ్యం కథ చెబుతుంటే ఎదురుగా కూర్చుని పల్లీలు నములుతూ నవ్వే రకం నేను. మా రైల్వే ఆఫీసులో ఎవరైనా అలాంటివి మొదలుపెడితే, "చాల్లే, ముందు ఆ ఫైలు ఇటివ్వు" అనేదాన్ని. ఇప్పటికీ పెద్దగా మారలేదు. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం నా బుర్రకి అందడం లేదు. ఇంకో మాట, ఇది నా చేత్తో నేనే తెలుగులో రాస్తున్నాను. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు ఇవి. గర్వమా అంటే, అవును, గర్వమే!

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి, ఇక్కడే పోయారు. నేను ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో చదివాను. తెలుగు గలగలా మాట్లాడతాను గానీ, అప్పట్లో ఒక్క అక్షరం చదవలేకపోయేదాన్ని. అమ్మకేమో హిందీ అంటే వణుకు. గుఢియారీ బజార్లో వంకాయలు బేరమాడాలన్నా, డాక్టరుకి కడుపునొప్పి చెప్పుకోవాలన్నా ఆవిడ నోరు నేనే. ఊరి నుంచి ఉత్తరం వస్తే మాత్రం ఆవిడ చదవాలి, నేను వినాలి. ముందు గొంతు సవరించుకునేది. "ఒలే బుజ్జీ, ఇనుకో" అనేది. వాక్యానికో 'ఆఁ' చొప్పున ఆగి ఆగి చదివేది.

రమణ రాయపూర్ దగ్గర తిల్దాలో రైస్ మిల్లు ఆపరేటరు. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చాడు. తెలుగువాళ్ళ వినాయక చవితి పందిట్లో పరిచయమై, రెండేళ్ళు ప్రేమించుకున్నాం. అమ్మకీ తెలుసు. ఒకరోజు నా చేతిలో ఉత్తరం పెట్టి, "తీరిగ్గా చదువుకో" అని వెళ్ళిపోయాడు. నాకు చదవడం రాదని అతనికి చెప్పలేదు. సిగ్గు! డిగ్రీ చదివిన పిల్లని, సొంత భాష రాదని ఏ మొహంతో చెప్పను? తిన్నగా తెచ్చి అమ్మ చేతికే ఇచ్చాను.

ఇంట్లో వేరే సంబంధం ఖాయం చేశారట, తనని మరిచిపొమ్మన్నాడట. అమ్మ చదివింది అది.

నేను ఏడవలేదు. పోతే పోనీ అనుకున్నాను. ఆ తర్వాత ఏ సంబంధానికీ తల ఊపలేదు. ఉత్తరాన్ని బీరువాలో చీరల కింద పడేశాను. పద్దెనిమిదేళ్ళు అది అక్కడే ఉంది.

అమ్మ పోయిన ఏడాదికి రమణ ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో మిల్లుల్లో పనిచేశాడట, భార్య పోయి నాలుగేళ్ళయిందట, పిల్లల్లేరు. ఆదివారం వస్తాను, నువ్వు సరేనంటే పెళ్ళి చేసుకుందాం, కాదంటే మళ్ళీ కనబడను అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. రానీ, ఆ ఉత్తరం మొహాన కొట్టి పంపిద్దామని శనివారం మధ్యాహ్నం బీరువా తెరిచాను. అతను రావాలని లోపల ఎక్కడో ఉంది, అదీ దాచను.

మూడు గంటలవుతోంది. కరెంటు లేదు. కింది వాటావాళ్ళు దుర్గ్ వెళ్ళారు. వీధి తలుపుకి గడియ ఉంది. ఉత్తరం చేతిలోనే ఉంది, ఇంకా మడత కూడా విప్పలేదు.

వంటింటి గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఒలే బుజ్జీ, ఇనుకో."

అమ్మ గొంతే. అదే ఆగి ఆగి చదవడం. శుక్రవారం పొద్దున్న ప్యాసింజర్లో తిల్దా రా, మా అమ్మ ఊరి నుంచి వస్తోంది, నిన్ను చూస్తుంది. ఆఁ. నువ్వు రాకపోతే ఇష్టం లేదనుకుంటాను, ఇక ఇబ్బంది పెట్టను. ఆఁ. మీ అమ్మగారిని ఒంటరిగా వదలొద్దు, మనతోనే ఉంటారు. ఈ ఆఖరి మాట రెండుసార్లు చదివింది. రెండోసారి 'ఆఁ' అనలేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు.

భయం వేయలేదు. కోపం వచ్చింది. చెప్పులేసుకుని వీధి చివర ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారింటికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా ఉత్తరం ఇచ్చి చదవమన్నాను. పొల్లు పోకుండా అదే. ఆఖరి మాట కాగితం మీద ఒక్కసారే ఉంది, అంతే తేడా.

ఆ ఉత్తరం అంతకుముందు అమ్మ తప్ప ఎవరూ చదవలేదు. రమణ ఫోన్లో ఆ శుక్రవారం ఊసే ఎత్తలేదు. నిద్రలో కల కన్నానా అంటే, నిలబడే ఉన్నాను.

ఆదివారం రమణ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "ఆ రోజు ఎందుకు రాలేదు? సాయంత్రం దాకా స్టేషన్లోనే ఉన్నాం, అమ్మా నేనూ."

"నాకు తెలుగు చదవడం రాదు" అన్నాను. ఆ మాట బయటపెట్టడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. అమ్మ మార్చి చదివిందీ, నేను వెళ్ళిపోతే ఒంటరైపోతానన్న ఆవిడ భయమూ, నిన్నటి గొంతూ అన్నీ చెప్పేశాను. రమణ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"అప్పుడే చెప్పుంటే నేనే చదివి ఇనిపించీవోణ్ణి కదే" అన్నాడు. "మరిప్పుడేటంటావు?"

సరేనన్నాను.

పెళ్ళయ్యాక అక్షరాలు రమణే దిద్దించాడు. ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మీద కోపం పూర్తిగా పోయిందనీ చెప్పను. కానీ చేసిన తప్పు బతికుండగా ఒప్పుకునేవాళ్ళనే నేను ఎక్కువమందిని చూడలేదు. మా అమ్మ చనిపోయాక వచ్చి మరీ ఒప్పుకుంది. నేనూ నా సిగ్గుని ఆలస్యంగానే బయటపెట్టాను, ఆవిడ కూతుర్నే కదా!