రెండుసార్లు మాట్లాడే రాక్షసుడు

మొదటి ఎపిసోడు శుక్రవారం వస్తుందని స్టూడియో నుంచి మెసేజీ వచ్చినప్పుడు నేను కర్నూలులో, మా ఇంటి వంటగదిలో, బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలుపుతున్నాను. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు. ఏడాదిగా ఆ ఇంగ్లీషు సీరీసుకు తెలుగు మాటలు రాసింది నేనే. నేను మాత్రం పొయ్యి ఆపేసి అక్కడే పీట మీద కూలబడ్డాను. నాయన దీన్ని చూడకూడదు. నా బుర్రలో తిరిగిన మాట అదొక్కటే.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ సీరీసు సంగతి చెప్పాలి. అది బొమ్మలతో తీసినదే గానీ పిల్లలది కాదు. మంత్రగాళ్లు తాగి పడిపోతుంటారు, రాణి బూతులు తిడుతుంది, దయ్యాలు విడాకుల కోసం కోర్టు చుట్టూ తిరుగుతుంటాయి. అందులో ఒక ముసలి రాక్షసుడు ఉన్నాడు. ఎప్పుడో శాపం తగిలి అతను కాపలా కాసే కోట మాయమైపోయింది, తలుపు ఒక్కటే మిగిలింది. చుట్టూ బయలు. ఎవరైనా పక్కనుంచి నడిచి పోవచ్చు. అయినా అతను ఆ తలుపు ముందే కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ ఆపి, తట్టి లోపలికి పొమ్మంటాడు. మొదటి ఎపిసోడంతా ఇతనిదే.

ఇంగ్లీషులో ఆ రాక్షసుడిది పల్లెటూరి యాస. హైదరాబాదు స్టూడియో ఆయన ఫోన్ చేసి, "మేడం, మీది సీమ కదా, వాడికి మీ యాస పెట్టండి, నవ్వొస్తుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా మాట వినపడితే చాలు, వీళ్లకు బాంబులైనా గుర్తుకొస్తాయి, నవ్వైనా వస్తుంది. పెట్టనని చెప్పి ఫోన్ కట్ చేశాను. చేసి, గంట తిరక్కుండా పెట్టాను. అంతటితో ఆగినా బాగుండేది.

మా నాయన బేతంచెర్లలో నాపరాళ్ల పాలీషు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. అక్కడ మిషన్లు తిరుగుతుంటే పక్కన నిలబడిన మనిషి మాట కూడా వినపడదు. అందుకని ఏ మాటైనా రెండుసార్లు చెబుతారు. మొదటిసారికి తల తిప్పుతారు, రెండోసారికి వింటారు. బండ కింద ఎవరి చెయ్యో ఉన్నప్పుడు ఆ రెండో మాటే వేళ్లు కాపాడుతుంది. మిగతావాళ్లు ఆ అలవాటును గేటు దగ్గరే వదిలేసి ఇంటికి పోయేవాళ్లు. నాయన ఇంటికి తెచ్చుకున్నాడు. "అన్నం పెట్టు, అన్నం పెట్టు." "వాన వచ్చేట్టుండాది, వాన వచ్చేట్టుండాది." పైగా చెవులు సగం పోయాయి కాబట్టి అంతా అరుపే.

నేను కర్నూలు హాస్టల్లో చదివేటప్పుడు చూడ్డానికొచ్చి, గేటు దగ్గర నిలబడి "మా పాపను పిలువమ్మా, మా పాపను పిలువమ్మా" అని కేక పెట్టేవాడు. పైఅంతస్తు కిటికీల్లోంచి ఆడపిల్లలు ఆ కేకను అట్లాగే అప్పజెప్పేవాళ్లు. నేను తల దించుకుని మెట్లు దిగి, ఆయన చేతిలోని బొరుగుల ఉండలు తీసుకుని, "బస్సు టైమయింది, పో నాయనా" అని పంపించేసేదాన్ని. సిగ్గు. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోలేను.

ఆ సిగ్గునే తెచ్చి రాక్షసుడి నోట్లో పెట్టాను. "ఎవరది? ఎవరది?" "తలుపు తట్టు. తలుపు తట్టు." రాసి చదువుకుంటే నాకే కడుపుబ్బ నవ్వొచ్చింది. మోకాళ్లు అరిగిపోయాక నాయన ఇప్పుడు అదే ఫ్యాక్టరీకి గేటు కాపలా. రాసేటప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదంటే అబద్ధం.

ఆ రాక్షసుడికి గొంతు ఇచ్చే నటుడు హైదరాబాదు మనిషి. "ఆ విరుపు పట్టుబడటం లేదు మేడం, అట్లా మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే రికార్డు చేసి పంపండి" అన్నాడు. నా ఫోన్లో నాయన పంపిన వాయిస్ మెసేజీలు బోలెడు. మా ఇంటికి గ్యాసు సిలిండరు వచ్చిందా అని అడిగిన మెసేజీ పంపాను. ఇంకో నాలుగు పంపాను. నా వేలు ఎక్కడా ఆగలేదు, ఇప్పటికీ అదే నాకు అంతుబట్టదు. వారం తర్వాత అతను చెప్పిన మొదటి నాలుగు డైలాగులు విన్నాను. ఊపిరి తీసుకునే చోటుతో సహా మా నాయనే.

శుక్రవారం పొద్దున్నే ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ తీసింది. నేను నోరు తెరిచేలోపలే, "మే పాపా, మీ నాయన ఫ్యాక్టరీలో అందరికీ చెప్పినాడు. ఆయితారం సాయంత్రం మేస్త్రీ వాళ్లంతా మనింటికే వస్తాండారు సూడ్డానికి. నువ్వు గూడా రా" అంది.

"అమ్మా, అది చిన్నపిల్లోళ్లది కాదు. శానా బూతులుంటాయి."

"బొమ్మల్దే గదే. బొమ్మలకు బూతులేముంటాయి?"

బొమ్మలంటే పిల్లలకేనని ఆమె లెక్క. మన టీవీలో రాదని ఒక అబద్ధం ఆడి చూశాను. "ఎందుకు రాదు, పోయిన నెల అల్లుడు పెట్టిచ్చినాడు గదా" అంది. ఆ కోపం మా ఆయన మీద చూపించాను. పాపం, అతను చేసిందల్లా మామకు క్రికెట్ కనపడేట్టు నా అకౌంటు ఆ టీవీలో పెట్టడమే. దాని పాస్‌వర్డు మార్చేశాను. మధ్యాహ్నానికి నాయన ఫోన్. "పాపా, ఏందో నెంబరు అడుగుతాండాది, అడుగుతాండాది. నువ్వు రాసింది పెట్టుకుందామంటే రాలే, రాలే." ఆ గొంతులో ఎంత సంబరం ఉందో వింటూ, రాదని చెప్పలేకపోయాను. కొత్త పాస్‌వర్డు ఒక్కో అక్షరమే చెప్పి రాయించాను. ఆదివారం దాకా ముట్టనని, అందరితో కలిసే చూస్తానని అన్నాడు.

ఆదివారం బస్సులో పోతూ దారిపొడవునా ఒకటే మాట కూడగట్టుకున్నాను. 'నాయనా, ఆ రాక్షసుడికి నీ మాట పెట్టినా, ఏమనుకోవద్దు.' చూడకముందే చెప్పేస్తే సగం పాపం పోతుందనుకున్నాను. రోడ్డు పక్క పేర్చిన బండలు కనపడటం మొదలయ్యాక ఆ మాటను పెదాల మీదే ఇంకోసారి చెప్పుకున్నాను.

ఇంటికి పోయేసరికి నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీలు తుడుస్తున్నాడు. అమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మేస్త్రీ మామ అప్పటికే నమాజు చేసుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో నాయనకు పని నేర్పింది ఆయనే. కటింగు మిషను మీద పనిచేసే ఇద్దరు గోడవారగా చాప మీద ఉన్నారు. "మా పాప రాసింది, మా పాప రాసింది" అని నాయన వాళ్లకు చెబుతుంటే, దారంతా కూడగట్టుకున్న మాట వదిలేసి కుర్చీలు సర్దడంలో పడ్డాను. పక్కకు పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. పిరికిదాన్ని.

టీవీ పెట్టగానే 'పెద్దలకు మాత్రమే' అని పడింది. నాయన కళ్లు చికిలించి ఏం రాశారని అడిగాడు. అమ్మ చదివి, "మనం పెద్దోళ్లమే గదా, సూడు" అంది. రాణి మొదటి బూతు తిట్టగానే నాయనా నేనూ ఇద్దరం ఒకేసారి ఫ్యాను వైపు చూశాం. అమ్మ బజ్జీల వంకతో లోపలికి పోయి మళ్లీ వచ్చింది. భూమి చీలిపోతే బాగుండుననుకున్నాను. అసలు భయం ఇంకా రానేలేదు.

తలుపు వచ్చింది. దాని ముందు రాక్షసుడు మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఎవరది? ఎవరది?"

చాప మీది ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మేస్త్రీ మామ టీవీ వైపు కాకుండా నాయన వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇది నువ్వే కదప్పా."

నాయనకు వినపడలేదు. "ఏమి? ఏమి?" అన్నాడు.

ఇల్లంతా ఒక్కసారిగా గొల్లుమంది. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన టీవీని కాసేపు చూశాడు. తర్వాత తొడ మీద చరుచుకుని, "నా మాదిరే ఉండాడే, నా మాదిరే ఉండాడే" అని అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులుగా తినని తిండంతా అప్పుడు గుర్తొచ్చి ఒక బజ్జీ తీసుకున్నాను. ఫ్యాక్టరీలో అందరూ అట్లాగే అరుస్తారు, ఎవరి మాటైనా కావచ్చు, నాయన కూడా అట్లాగే అనుకున్నాడని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గరికి ఒక డ్రాగన్ వచ్చింది, నోట్లో మంట ఆరిపోయిన డ్రాగన్. రాక్షసుడు దాని నోట్లోకి తొంగి చూసి, "గ్యాసొచ్చిందా పాపా? గ్యాసొచ్చిందా?" అని అడిగాడు.

అది నేను రాయలేదు. నటుడు మెసేజీలో విన్నది సరదాకి వాడేసుకున్నాడు. చాప మీది ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాయన నవ్వలేదు. నా వైపు చూశాడు. ఆ మాట ఆయన ఎప్పుడు, ఎవరికి పంపాడో ఈ గదిలో ఇద్దరికే తెలుసు. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేదాన్ని. ఏదో అర్థం చేసుకుంటున్నట్టు, తీరిగ్గా చూశాడు. మళ్లీ టీవీ వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మాత్రం అందరూ నవ్విన తర్వాత నవ్వుతున్నాడు. నా చేతిలోని బజ్జీ అట్లాగే చల్లారిపోయింది.

అందరూ వెళ్లాక నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. దారిలో, "నాయనా, కోపమొచ్చిందా" అని అడిగాను. నా సంచి అందుకుని ముందు నడిచాడు. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, "బాగా రాసినావు పాపా" అన్నాడు. ఇంకోసారి అంటాడని చెవులు అప్పగించి కూర్చున్నాను. కండక్టరు విజిల్ వేశాడు. నాయన పక్కకు జరిగి నిలబడ్డాడు.

మరుసటి రోజు స్టూడియో ఆయన, 'గ్యాసు డైలాగు అదిరింది మేడం, అందరూ అదే అంటున్నారు' అని మెసేజీ పెట్టాడు. నటుణ్ణి నాలుగు దులిపేద్దామని నంబరు తీసి, మళ్లీ మూసేశాను. అతనికి పంపింది ఎవరు?

పది రోజులకు అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గేటు కాడికి వచ్చే లారీ డ్రైవర్లంతా కిటికీలోంచి తల బయటపెట్టి "ఎవరది, ఎవరది" అంటున్నారట. నాయన ఏమీ అనకుండా చెయ్యెత్తి గేటు తీస్తున్నాడట. "ఇంట్లో గూడా ఏది చెప్పినా ఒగసారే చెప్తాండాడే. ఇనపడలేదంటే గమ్మునుంటాడు. ఏమన్నా అయ్యిందేమో, డాక్టరుకు సూపిస్తామా?" అంది. ఏమైందో నాకు తెలిసి కూడా, సరే చూపిద్దాంలే అన్నాను. అప్పటి నుంచి నా బెంగ ఒక్కటే. బండల లోడుతో లారీ వెనక్కొస్తుంటే, దాని వెనక ఎవరైనా ఉంటే, నాయన ఆపమని ఒక్కసారే అంటే ఆ హోరులో డ్రైవరుకు ఏం వినపడుతుంది? వంట చేస్తున్నా అదే, స్క్రిప్టు ముందు కూర్చున్నా అదే.

నిన్న నేనే ఫోన్ చేశాను. నాయన తీశాడు. "బాగుండావా పాపా" అన్నాడు, మెల్లగా. స్పష్టంగా వినపడింది. అయినా, "ఇనపడలే నాయనా, మళ్ల చెప్పు" అన్నాను.

అవతల ఊపిరి వినపడుతోంది. ఫోన్ చెవికి అదిమిపట్టి ఎదురుచూశాను.

"మీ యమ్మకిస్తా, ఉండు" అన్నాడు. ఫోన్ అమ్మ చేతికిచ్చేశాడు.